ఆస్కార్ ఎవరికి? ముందే చెప్పగలమా?

ఏటా ఆస్కార్ బహుమతుల వేళ సమీపించేసరికి అమెరికాలో ఊహాగానాలు జోరందుకుంటాయి. ఉత్తమ చిత్రం ఏది? జ్యోతిషంతో పనిలేకుండా దీన్ని ముందుగా చెప్పవచ్చా? కొంతవరకు చెప్పవచ్చు. అయితే ముందుగా ఓట్లు ఎలా లెక్కిస్తారో తెలుసుకోవాలి.

2023 మార్చిలో మన ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది గదా! పాటల విభాగంలో లెక్క తేలిక. ఎక్కువ ఓట్లు వచ్చినదే విజేత. ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 నాటి చిత్రాల నుంచి వేరే పద్ధతి పాటిస్తున్నారు. సభ్యులు చిత్రాలకు 1, 2, 3 అని ఇష్టమైన వరుసలో అంకెలు వేస్తారు. మన రాష్ట్రపతి ఎన్నికలోనూ ఓటర్లు ఇలాగే ప్రాధాన్య క్రమం సూచిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఓటర్లు 100 మంది. పోటీలో క, చ, ట అనే మూడు చిత్రాలు. మొదటి ఓట్లు ‘క’కు 40, ‘చ’కు 32, ‘ట’కు 28 వచ్చాయనుకోండి. ఎవరికీ సగం దాటలేదు. కనుక చివరనున్న ‘ట’ను తొలగిస్తారు. దాని 28 ఓట్లలో రెండో అంకె 20 మంది ‘చ’కు, 8 మంది ‘క’కు వేశారనుకుందాం. ఇప్పుడు ‘చ’కు 52, ‘క’కు 48. వెనుకనున్న ‘చ’ గెలిచింది! అంటే కొందరు అమితంగా మెచ్చిన చిత్రం కంటే ఎక్కువ మందికి నచ్చిన చిత్రానికే ఇక్కడ లాభం.

మరి ముందుగా ఊహించేదెలా? ఆస్కార్‌కు ముందే అమెరికా నిర్మాతల సంఘం తన బహుమతి ప్రకటిస్తుంది. అక్కడా ఇదే లెక్క. పైగా దాని సభ్యులలో కొందరికి ఆస్కార్ ఓటు కూడా ఉంది. 2009 నుంచి 2024 వరకు వచ్చిన చిత్రాలను చూడండి. 16 ఏళ్ళలో 13 సార్లు సంఘం మెచ్చిన చిత్రానికే ఆస్కార్ దక్కింది. (2013లో సంఘం రెండు చిత్రాలకు కలిపి ఇచ్చింది. వాటిలో ఒకటి గెలిచింది.) కళ్ళు మూసుకుని చీటీ తీస్తే సుమారు రెండుసార్లు మాత్రమే సరిపోయేది!

తప్పిన మూడింటిలో 2019 ఒకటి. సంఘం ‘1917’ అనే చిత్రాన్ని ఎన్నుకుంది. ఆస్కార్ మాత్రం దక్షిణ కొరియా చిత్రం ‘పారసైట్’కు వెళ్ళింది. ఆంగ్లేతర భాషా చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

16లో 13 అంటే నూటికి సుమారు 81. ఇది సంభావ్యతే గాని నిశ్చయం కాదు. నిర్మాతలు ఓటర్లలో ఒక భాగమే. నటులు, రచయితలు, ఇతర దేశాలవారు వేరుగా ఆలోచించవచ్చు. పైగా 16 ఏళ్ళ లెక్క చాలా చిన్నది. నూటికి 80 పాళ్ళు అని చెప్పినవాడు మిగిలిన 20 పాళ్ళను మరచిపోరాదు.

మీ తరగతిలోనే పరీక్షించి చూడండి. అయిదు సినిమాల పేర్లు బల్లమీద రాసి, రెండు పద్ధతులలోనూ ఓట్లు లెక్కించండి. అంతకుముందే పదిమందిని అడిగి ఫలితం ఊహించండి. ఆ పదిమంది మీ స్నేహితులైతే ఊహ ఎలా ఉంది? చీటీలు తీసి ఎంచుకున్నవారైతే ఎలా ఉంది?