ఇంకో రెండేళ్ళు

వాక్యభాగం: యిర్మీయా 28వ అధ్యాయం, 29:1-14, 24-32



మీ ఇంట్లో గోడ మీద ఉన్న కేలండర్‌ను ఒకసారి చూడండి. మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో తరచుగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. దేవుడు మన విషయంలో తలపెట్టింది మేలే గాని కీడు కాదని ధైర్యం చెప్పే మాట అది. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం కార్డు తీసినప్పుడు ఆ వచనమే వచ్చినవాళ్ళు మీ సహవాసంలో కూడా కొందరు ఉండే ఉంటారు. నాకు రెండుసార్లు వచ్చింది. కానీ అదే అధ్యాయంలోని 5వ వచనం ఉన్న కేలండర్ మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఇళ్ళు కట్టుకుని కాపురం ఉండమని, తోటలు వేసుకుని వాటి పంట తినమని చెప్పే వచనం అది. 11వ వచనంలోని ఓదార్పు, 5వ వచనంలోని పని ఒకే ఉత్తరంలో, ఒకే మనుషులకు రాసినవి. మనం మాత్రం ఓదార్పును ఫ్రేము కట్టించుకుని పనిని వదిలేశాం.

నేను పాస్టర్‌ని కాను, డేటాబేస్‌ల మీద పనిచేసే మనిషిని. అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాం. ఈ పాఠంలో ఆ 5వ వచనాన్ని మన వీసాలతో, మన కాగితాలతో కలిపి చదువుదామని నా ప్రయత్నం.

ముందు ఆ ఉత్తరం వెనక సంగతి. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెకొన్యా రాజును, రాజు తల్లిని, అధిపతులను, వాళ్ళతోపాటు శిల్పులను, కంసాలులను బబులోనుకు తీసుకుపోయాడు. చేతిలో పనితనం ఉన్నవాళ్ళను ఏరి తీసుకెళ్ళాడన్నమాట. ఇక్కడ మనకు ఏదో తెలిసిన కథలా అనిపిస్తుంది గాని, తేడా మరిచిపోకూడదు. మనల్ని ఎవరూ చెరపట్టి తేలేదు. కాన్సులేట్ ముందు ఫైలు పట్టుకుని లైన్లో నిలబడి, వీసా రావాలని ఉపవాసం ఉండి మరీ వచ్చాం. కాబట్టి మనం చెరలో ఉన్నామని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకూ మనకూ ఒక్క విషయంలో పోలిక ఉంది. ఎంతకాలం ఉంటామో తెలియని ఊళ్ళో బతకడం.

ఆ తెలియనితనానికి మందులా హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు ఒక మాట చెప్పాడు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, రాజూ వస్తాడు, తీసుకుపోయినవాళ్ళూ వస్తారు అన్నాడు. అప్పుడు యిర్మీయా ఏమన్నాడో చూడండి (28:6). ముందు ఆమేన్ అన్నాడు. నువ్వు చెప్పినట్టే దేవుడు చేస్తే బాగుండునన్నాడు. ఇంటికి వెళ్ళాలన్న కోరికను ఆయన తప్పుపట్టలేదు. తేదీనే తప్పుపట్టాడు. తర్వాత బబులోనుకు రాసిన ఉత్తరంలో 70 ఏళ్ళు అని లెక్క చెప్పాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది మళ్ళీ ఊరు చూడరు. బబులోనులోనే ఉన్న షెమయా అనేవాడికి ఒళ్ళు మండింది. చెర దీర్ఘకాలం ఉంటుందట, ఇళ్ళు కట్టుకోవాలట, ఇలా రాసేవాణ్ణి మీరెందుకు గద్దించలేదని యెరూషలేములోని యాజకుడికి ఉత్తరం రాశాడు. నిజం చెప్పిన ఉత్తరం మీద ఫిర్యాదు ఆ కాలంలో కూడా వచ్చింది.

హనన్యా చెప్పిన గడువు మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? "ఇంకో రెండేళ్ళు చూసి ఇండియా వెళ్ళిపోతాం." నేను 2012లో ఎం.ఎస్.కి వచ్చినప్పుడు అమ్మతో అన్న మాట ఇదే. 2015లో హెచ్-1బి వచ్చినప్పుడూ ఇదే అన్నాను. పాప పుట్టినప్పుడు "దానికి రెండేళ్ళు రాగానే" అన్నాను. మా ఇంట్లో క్లాజెట్ నిండా అట్టపెట్టెలు ఉండేవి. టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, మైక్రోవేవ్ పెట్టె, వెళ్ళేటప్పుడు పనికొస్తాయని దాచినవి. అద్దె ఇంటి గోడకు ఒక్క మేకు కొట్టలేదు. ఇవన్నీ చిన్న విషయాలే. అయితే ఆ రెండేళ్ళ మాట చాటున పెద్ద విషయాలు కూడా వాయిదా పడ్డాయి. వీలునామా, ఇన్సూరెన్స్, పక్కింటివాళ్ళ పేరు తెలుసుకోవడం, అన్నీ.

2023లో ఒక మంగళవారం ఉదయం పదిహేను నిమిషాల మీటింగ్‌లో నా ఉద్యోగం పోయింది. ఆ కంపెనీని ఏమీ అనను, ఆ రోజు నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఆదివారం ప్రార్థన విన్నపాలు అడిగితే, "ఉద్యోగం పోయిన ఒక సహోదరుని కొరకు" అని చెప్పి కూర్చున్నాను. ఆ సహోదరుడు నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. మూడు వారాలు ఇదే విన్నపం. నాలుగో వారం మా సహవాసంలో ఒక పెద్దాయన, మేమంతా అంకుల్ అని పిలిచేవారు, ఫోన్ చేసి, "బాబూ, ఆ సహోదరుడివి నువ్వేనా?" అని అడిగారు. అవునంకుల్ అన్నాను. "60 రోజుల్లో 25 రోజులు సిగ్గుకే ఖర్చుపెట్టావా నాయనా?" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ 60 రోజుల సంగతి మనలో ఉద్యోగం ఉన్నవాళ్ళు కూడా ముందే తెలుసుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. 2017 జనవరి నుంచి ఈ నిబంధన ఉంది. ఐ-94లో ఉన్న తేదీ అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీయే గడువు. మామూలుగా జీతం లెక్కలో చివరి రోజు మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది, సెవరెన్స్ డబ్బు తర్వాత వస్తున్నా ఆ లెక్క ఆగదు. భార్యాపిల్లల హెచ్-4 కూడా ఈ గడువుతోనే నడుస్తుంది. ఆ లోపల కొత్త కంపెనీ మీ పేరు మీద పిటిషన్ దాఖలు చేస్తే చాలు, ఆమోదం వచ్చేదాకా ఆగకుండా పనిలో చేరవచ్చు. కంపెనీ మిమ్మల్ని గడువుకు ముందే తీసేస్తే, మీరు స్వదేశానికి వెళ్ళే ప్రయాణ ఖర్చు సహేతుకమైనంత ఆ కంపెనీ భరించాలని కూడా నిబంధన ఉంది. నా విషయంలో ఇది అంకుల్ చెబితే గాని తెలియలేదు.

ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు, మీ ప్రయారిటీ డేట్ మీతోనే ఉంటుంది. కాబట్టి ఆ ఆమోదపత్రం కాపీ, కనీసం రసీదు నంబరు, ఉద్యోగంలో ఉండగానే అడిగి తీసుకోండి. పే స్లిప్పులు, ఐ-797లు ఆఫీసు లాప్‌టాప్‌లో దాచుకోకండి. లాప్‌టాప్ తాళం పడ్డాక నాకు జ్ఞానోదయమైంది. డేటాబేస్ బ్యాకప్‌లు చూసేవాడి పరిస్థితి అది!

ఆరోగ్య బీమా మరో సంగతి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న కంపెనీల్లో కోబ్రా అనే ఏర్పాటు కింద పాత బీమానే సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం మనమే కట్టాలి, ఖరీదు ఎక్కువే. నిర్ణయించుకోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు. ఎంచుకుని ప్రీమియం కడితే పాత కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. భయంతో మొదటి రోజే సంతకం పెట్టనక్కర లేదు, మరిచిపోయి గడువు దాటించనూ కూడదు. నిబంధనలు మారుతుంటాయి, మీ కేసు మీ అటార్నీనే అడగండి.

ఇక నా విషయంలో జరిగింది. ఆ ఆదివారం కూటమయ్యాక భోజనాల దగ్గర అంకుల్ నా పక్కన కూర్చుని, అందరికీ నేనే చెప్పేలా చేశారు. నలుగురు అక్కడే నా రెజ్యూమె తీసుకున్నారు. అందులో ఒకరి ద్వారా ఇంటర్వ్యూ వచ్చింది, 53వ రోజున పిటిషన్ పడింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. అదే నెలలో మా సహవాసంలో మరో కుటుంబం పిల్లల బడి మధ్యలో ఆపించి విశాఖపట్నం వెళ్ళిపోయింది. వాళ్ళ విశ్వాసం నాకంటే తక్కువేమీ కాదు. వాళ్ళ కోసం ఇంకాస్త ముందే ప్రార్థించి ఉంటే, ముందే అడిగి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ సహవాసంలో "ఒక సహోదరుడు" అని విన్నపం వస్తే, కూటమయ్యాక నెమ్మదిగా ఒక్కొక్కరిని పలకరించండి.

గ్రీన్‌కార్డ్ మాట కూడా చెప్పుకోవాలి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే వలస వీసాలు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం 1990 చట్టం నాటిది. అందుకే భారతదేశంలో పుట్టినవాళ్ళ వరుస అంత పొడవు. ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి చూడడం తప్పు కాదు, నేనూ చూస్తాను. కానీ మన ఇంటి నిర్ణయాలన్నీ ఆ బులెటిన్‌కు కట్టేస్తే, హనన్యా మాట నమ్మి పెట్టె సర్దుకుని కూర్చున్నవాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

యిర్మీయా ఉత్తరం అందాక ఆ జనం ఏం చేశారో బైబిలు బయట కూడా కొంత ఆధారం దొరికింది. బబులోను ప్రాంతంలో "యూదా పట్టణం" అని అర్థం వచ్చే అల్-యాహూదు అనే ఊరు ఉండేది. ఆ ఊరికి, చుట్టుపక్కలకు సంబంధించిన మట్టిపలకలు, క్రీ.పూ. 572 నుంచి 477 వరకు ఉన్నవి, 2014లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో కీర్తనలు, ప్రవచనాలు లేవు. కౌలు పత్రాలు, అప్పుపత్రాలు, పన్ను రసీదులు, ఆస్తి పంపకాలు ఉన్నాయి. యెహోవా పేరు కలిసిన పేర్లు పెట్టుకున్న మనుషులు, పరాయి లిపిలో, పరాయి రాజు చట్టం కింద, సాక్షుల ముందు రాయించుకున్న కాగితాలవి. నాకు ఇది ఎంతో ధైర్యాన్నిచ్చింది. 5వ వచనానికి లోబడడమంటే కొంతవరకు కాగితాల పనే.

అందుకే ఒక ప్రశ్న అడుగుతాను, దయచేసి దాటవేయకండి. ఈ రాత్రి హైవే మీద మీ ఇద్దరికీ ఏదైనా జరిగితే, మీ పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు?

అమ్మమ్మ, నానమ్మ ఇండియాలో ఉంటారు, వాళ్ళకు వీసా ఆ రాత్రికి రాదు. తల్లిదండ్రులిద్దరూ లేకపోతే పిల్లల సంరక్షకులెవరో ఇక్కడి కోర్టు నిర్ణయిస్తుంది. తల్లిదండ్రులు రాసిపెట్టిన పేరుకు కోర్టు విలువనిస్తుంది, రాయకపోతే ఆ పేరు కోర్టుకు ఎలా తెలుస్తుంది? వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి ఎవరికి ఎంత అన్నది రాష్ట్ర చట్టం చెబుతుంది. చావు గురించి మాట్లాడడం అపశకునమని మనవాళ్ళు కొందరు అంటారు. పునరుత్థానం నమ్మే మనకు ఆ భయం ఎందుకో నాకు అర్థం కాదు. దుబాయిలో ఉన్న మన సహోదరులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అక్కడ ముస్లిమేతరులు వీలునామా, పిల్లల సంరక్షణ రిజిస్టరు చేయించుకోవడానికి డి.ఐ.ఎఫ్.సి. విల్స్ సర్వీస్ 2015 నుంచి ఉంది.

ఊళ్ళో అమ్మానాన్నల పనులకు పవర్ ఆఫ్ అటార్నీ పంపేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఇక్కడ నోటరీ, ఆపైన అపోస్టిల్ గానీ కాన్సులేట్ ధృవీకరణ గానీ అయ్యాక, అది ఇండియా చేరిన 3 నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి. బీరువాలో దాచిపెట్టి ఏడాది తర్వాత తీసినవాళ్ళు నాకు తెలుసు.

మేము వీలునామా రాయడానికి ఒక శనివారం పెట్టుకున్నాం. రాయడం కంటే పాప కోసం ఎవరిని అడగాలన్నదే కష్టమైంది. నేను మా అన్నయ్య అన్నాను, మా ఆవిడ ఆమె చెల్లెలు అంది. ఇద్దరూ ఇండియాలోనే. రెండు వారాలు వాదించుకుని, చివరికి శాశ్వతంగా అన్నయ్య కుటుంబాన్ని, వాళ్ళు వచ్చేదాకా ఇక్కడ చూసుకోవడానికి మా సహవాసంలో ఒక జంటను అనుకున్నాం. టెక్సస్‌లో టైపు చేసిన వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, వీలునామా వల్ల లాభం పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. అంకుల్, ఆంటీ వచ్చి సంతకాలు పెట్టారు.

ఆ జంటను అడగడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకు నోరు పెగల్లేదు. మా ఆవిడే అడిగింది. ఆ సహోదరి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బరువు పెట్టామేమో అనుకున్నాను. తర్వాత లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. ఇద్దరు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చిన్నబాబుకు వేరుశెనగ పడదన్న సంగతి, వాళ్ళ తాతగారి ఫోన్ నంబరు. "మూడేళ్ళ క్రితం రాసి పెట్టుకున్నానక్కా, ఎవరిని అడగాలో తెలియలేదు" అంది.

ఇప్పుడు ఆ కాగితం మా ఫైల్లో ఉంది. అట్టపెట్టెలు తీసేసిన అరలోనే ఆ ఫైలు పెట్టాం.