పెరటి టమాటలో కాయతొలుచు పురుగు, లద్దె పురుగు: డోన్ పరిసరాలలో గుర్తింపు, నివారణ

డోన్ పరిసరాలలో రబీ శనగ ఎండి కోతకు వచ్చే జనవరి, ఫిబ్రవరి మాసాలలో పొలాలలో పచ్చదనం సన్నగిల్లుతుంది. అప్పటికి పెరట్లో వంటింటి నీటితో పెరిగిన నాలుగైదు టమాట మొక్కలు పూత, పిందె మీద ఉంటాయి. శనగ, కంది, ప్రత్తి చేలలో వృద్ధి చెందిన హెలికోవెర్పా రెక్కల పురుగులకు ఈ మొక్కలే ఆశ్రయమవుతాయి. పొలంలో శనగపచ్చ పురుగు, టమాటపై కాయతొలుచు పురుగు అనబడేది ఒకే కీటకం.

తల్లి పురుగు పూతకు దగ్గరగా ఉన్న లేత ఆకులపై గ్రుడ్లను విడివిడిగా పెడుతుంది. మూడు, నాలుగు రోజులలో వెలువడిన పిల్ల పురుగు కొద్దికాలం ఆకును గీకి తిని, పిదప కాయలోకి తల దూర్చి, వెనుక భాగాన్ని వెలుపలే ఉంచి తింటుంది. ఒక్క పురుగే పలు కాయలను పాడుచేస్తుంది. కాయలోకి చేరిన పురుగుకు ఏ మందూ సరిగా అందదు. కనుక నివారణకు అనువైన కాలం ఆ తొలి కొద్ది రోజులే.

పొగాకు లద్దె పురుగు తీరు వేరు. ఇది ఆకు అడుగున గ్రుడ్లను గుంపుగా పెట్టి గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగులు గుంపుగా పత్రహరితాన్ని గోకి ఆకును జల్లెడగా మారుస్తాయి. అట్టి ఆకును ఒక్కదానిని త్రుంచి నాశనం చేస్తే వందలాది పురుగులు పోతాయి. పది ఎకరాలలో కష్టమైన ఈ పని పది మొక్కలలో పావుగంట పని. ఈ భేదం తెలియక హెలికోవెర్పా ఎన్.పి.వి. ద్రావణాన్ని లద్దె పురుగుపై చల్లితే ఫలితముండదు. ఆ వైరస్ తన ఆతిథేయి పురుగునే చంపుతుంది.

బంతిని ఎర పంటగా వేయదలచినవారు 45 రోజుల బంతి నారును 25 రోజుల టమాట నారుతో కలిపి నాటాలి. రెండూ ఒకేసారి పూతకు రాకుంటే బంతి వలన ప్రయోజనం లేదు. బంతి పూలను పరిశీలించక వదిలివేస్తే అదే పురుగుల నారుమడి అవుతుంది.

పిల్ల పురుగులు కనిపించినపుడు 50 గ్రాముల వేప గింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. బి.టి. మందును లీటరుకు 1 గ్రాము చొప్పున వాడవచ్చు. ఎండకు ఈ మందుల శక్తి తగ్గుతుంది.

ప్రత్తి చేనుకు తెచ్చి మిగిలిన మందును పెరటి మొక్కలపై చల్లడం అన్నిటికన్నా ప్రమాదకరం. పెరటి టమాట పండినరోజే కూరలో పడుతుంది. మందు అవశేషాలు తగ్గేవరకు వేచి ఉండే వ్యవధి అక్కడ ఉండదు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. రెండు పురుగులూ నేలలోనే కోశస్థ దశకు చేరతాయి గనుక, కాపు ముగిసిన మొక్కలను పెరికి పాదులను త్రవ్వి ఎండకు వదలాలి.