నడకను కొలుచు చేతిపట్టీ: సామాన్యమైనదా? విశేషమైనదా?

మణికట్టున ధరించి నడకను, నాడిని కొలుచుకొను ఫిట్‌నెస్ బ్యాండులు నేడు పీర్జాదిగూడ, ఉప్పలు, నాచారము ప్రాంతములందు పెక్కుమంది చేతుల గానవచ్చుచున్నవి. వీనిలో కొన్ని రెండు మూడు వేల రూపాయలకే లభించును. కొన్నిటి వెల ముప్పది వేలను మించును. పెక్కు కుటుంబములకిది నెల జీతముకంటె నెక్కువ సొమ్ము. కావున కొనుటకు ముందు, ఆ వస్తువు దేనిని కొలుచునో, ఎట్లు కొలుచునో, మనకేమి కావలెనో విచారింపవలెను.

అడుగులను లెక్కించుట క్రొత్త విద్య కాదు. ఉప్పలున సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ కలదు. ఆ శాఖవారు 19వ శతాబ్దమున నైన్ సింగ్ అను కుమావూను ఉపాధ్యాయుని మారువేషమున టిబెట్టునకు పంపిరి. అతడు అడుగులు సమముగా వేయుట నభ్యసించి, నూరడుగులకొక పూస చొప్పున జపమాలను త్రిప్పుచు, 1866 లో లాసా నగరము చేరెను. సాధారణముగా 108 పూసలుండవలసిన మాలలో 100 మాత్రమే యుంచిరి. అనగా ఒక మాల పూర్తి యగునప్పటికి 10,000 అడుగులు. మిక్కిలి సామాన్యమైన సాధనముతోనే యెంతటి కార్యము నెరవేరెనో చూడుడు.

నేటి చౌక పట్టీలో పూసకు బదులు చలనమును గ్రహించు చిన్న పరికరముండును. చేయి లయబద్ధముగా నూగినపుడు అది అడుగుగా లెక్కించును. అందుచేతనే సైకిలును నెట్టుకొని నడచువాని చేయి కదలమి కొన్ని అడుగులు తప్పిపోవచ్చును. పిండి పిసుకు తల్లి చేతికి నడవని అడుగులు చేరవచ్చును. 2014 లో వెలువడిన మొదటి మి బ్యాండునకు తెర లేదు, నాడిని కొలుచు సాధనము లేదు. మూడు చిన్న దీపములు మాత్రమే యుండెను. అయినను అడుగులు లెక్కించుటకది చాలెను.

ఇప్పుడు చౌక పట్టీలలో సైతము నాడిని కొలుచు ఆకుపచ్చ దీపము కలదు. రక్తము ఆకుపచ్చ కాంతిని పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల మణికట్టున రక్తము హెచ్చి తగ్గును గనుక, తిరిగివచ్చు కాంతియు మారును. ఆ మార్పులే నాడి లెక్క. విశేషమైన పట్టీలకు, గడియారములకు, ఇంతకుమించి ఉపగ్రహముల సాయమున దూరమును తెలుపు జి.పి.యస్., కొన్నిటికి గుండె విద్యుత్తును వ్రాయు ఇ.సి.జి. కలవు. అయితే వీనిలో ననేకములకు రెండు మూడు దినములకే చార్జింగు కావలెను. చౌక పట్టీ వారముపైగా నడచును.

వెల హెచ్చినకొలది సత్యము హెచ్చునా? 2017 లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు ఏడు పరికరములను 60 మందిపై పరీక్షించిరి. వానిలో ఆరు నాడిని 5 శాతములోపు తప్పుతో కొలిచెను. ఖర్చయిన కెలోరీల విషయమున మాత్రము అన్నిటికంటె మేలైనదియు సగటున 27 శాతము తప్పెను. కాబట్టి తెరపై కెలోరీల సంఖ్యను జూచి అన్నము మానుట గాని, మిఠాయి తినుట గాని తగదు.

దినమునకు 10,000 అడుగులను నియమమును వైద్యులు కనుగొన్నది కాదు. 1965 లో జపానున అమ్మకమునకు వచ్చిన యొక నడక కొలమానమునకు పెట్టిన పేరది. 2019 లో ప్రకటితమైన యొక పరిశోధనలో, సగటున 72 ఏండ్ల వయసుగల స్త్రీలలో దినమునకు సుమారు 4,400 అడుగులు నడచువారికే మరణభయము తగ్గినట్లును, 7,500 దాటిన పిదప అంతకంటె మేలు కనబడనట్లును తేలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితవ్యాయామమును, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామమును విధించినది. దీనిని గమనించుటకు చౌక పట్టీ చాలును. జేబులోని ఫోనును చాలును.

మరి విశేషమైనది ఎవరికి? ఫోను లేకుండ దూరపు పరుగులు సాధన చేయువారికిని, వైద్యుడు గుండె లయను కనిపెట్టుమని చెప్పినవారికిని అది యుపయోగించును. అయితే చేతి గడియారపు ఇ.సి.జి. గుండెపోటును పసిగట్టజాలదు. ఎదనొప్పి కలిగినపుడు తెరను చూచుచు కాలము గడపక ఆసుపత్రికి పోవలెను. మధుమేహముగల పెద్దలు మరియొకటి గమనింపవలెను: సూది గ్రుచ్చకయే రక్తమున చక్కెరను కొలుచునని చెప్పబడు గడియారములను, ఉంగరములను నమ్మి మందు మార్చవద్దని అమెరికా ఔషధ శాఖ 2024 లో హెచ్చరించినది. అట్టి ప్రకటనను నమ్మినచో ప్రాణమునకే ముప్పు.

కొనదలచిన వారికొక పరీక్ష. పట్టీని ధరించి, మనస్సులో లెక్కించుచు నూరడుగులు నడువుడు. తెరపై సంఖ్యతో పోల్చుడు. పిదప మణికట్టుపై వ్రేళ్లుంచి ముప్పది సెకండ్లు నాడిని లెక్కించి రెట్టింపు చేసి, దానిని పోల్చుడు. రెండును దగ్గరగా నున్నచో ఆ పట్టీ మీ పనికి చాలును. మీరు నిత్యము అడుగు ప్రశ్నకు ఏ సాధనము ఉత్తరమీయగలదో అదియే మీకు తగినది; అడుగని ప్రశ్నలకు సొమ్ము చెల్లింపనేల? మిగిలిన రూపాయలతో మంచి నడక జోళ్లు ఇంటిల్లిపాదికిని కొనవచ్చును.