ఇంటి పలుకు – బడి వ్రాత

తల్లిదండ్రులకు మనవి.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు పెరుగుచున్నారు. 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి తమిళనాట బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. దానిని మనవారు చక్కగా నేర్వవలసినదే. అయితే తెలుగు వ్రాత నిలుచుటకు ఇంటి తోడ్పాటు మునుపటికంటె ఎక్కువ కావలెను.

ఒక బాలుడు "చల్లని గాలి వీచెను" అనుటకు "చల్లని కాలి వీచెను" అని వ్రాసెను. తరగతి నవ్వెను, మేము కోపించితిమి. పిదప ఆలోచింపగా తప్పు మాదే యని తోచెను. తమిళ లిపిలో క, గ ధ్వనులకు ఒకటే అక్షరము. త–ద, ప–బ లును అట్లే. బాలుడు మందమతి కాడు; రెండు లిపుల నడుమ దారి వెదకుకొనుచున్నాడు. నాటినుండి గుడి–కుడి, దాత–తాత, బడి–పడి అను జంటలను బిగ్గరగా పలికించి, ఆ పిమ్మటనే వ్రాయించుచున్నాము.

అక్షరశుద్ధి వచ్చినంతనే భాషపై మక్కువ కలుగదు. ఆవును గూర్చి వ్యాసము వ్రాయుమనగా అదే బాలుడు మూడు వాక్యములతో నిలిచెను. మీ యింటి ఆవు తప్పిపోయిన దినమున ఏమి జరిగినదో చెప్పుమనగా పుట నిండ వ్రాసెను.

కావున మీరు చేయవలసినది స్వల్పము. అవ్వ చెప్పిన కథనో, సంతలో చూచిన వింతనో వారమున కొకమారు పిల్లలచే అయిదు వాక్యములలో వ్రాయింపుడు. ఊరనున్న బంధువులకు కార్డు వ్రాయింపుడు. వ్రాసినదానిని బిగ్గరగా చదివించి, ముందు సంతోషముతో వినుడు; తప్పులు పిదప దిద్దవచ్చును. చదువు రాని తల్లియు వినగలదు గదా! జవాబు వచ్చిన జాబు మరియొక జాబును పుట్టించును. తెలుగు మన యింట పలుకుగా మాత్రమే మిగిలినచో, మనుమల నాటికి ఆ పలుకును సన్నగిల్లును.