మూత్రపిండము - హృదయము - గణనయంత్రము

సాహసకార్యమును ఉర్దూలో "దిల్ గుర్దే కా కామ్" అందురు. తెలుగువాడు ధైర్యమునంతయు గుండెకే కట్టబెట్టగా, ఉర్దూ జాతీయము మూత్రపిండమునకును అందు భాగమిచ్చినది. వైద్యశాస్త్రము ఈ జంటను గుర్తించుటకు చాలకాలము పట్టినది. 1836లో లండను గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రపిండవ్యాధితో మరణించినవారిలో పెక్కుమందికి గుండె పెరిగియుండుటను వెల్లడించెను. కారణమును ఊహించెనేగాని నిరూపించు సాధనము ఆనాడు లేదు.

రెండు మూత్రపిండముల బరువు కలిపి సుమారు 300 గ్రాములు. అయినను గుండె నిమిషమునకు పంపు 5 లీటర్ల రక్తములో ఇంచుమించు ఐదవవంతు వాటికే చేరును. రక్తపీడనము హెచ్చినచో అవి ఉప్పును, నీటిని అధికముగా విసర్జించును, పీడనము దిగును. అవి చెడినచో అదే విసర్జనకు హెచ్చు పీడనము కావలసివచ్చి, భారము గుండెపై పడును. గుండె డస్సినచో మూత్రపిండమునకు రక్తము చాలదు. అది నీటిని నిలుపుకొనును. గుండెకు మరింత బరువు. ఏది కారణమో, ఏది కార్యమో చేతిలెక్కకు అందని చక్రమిది.

ఈ చక్రమును యంత్రమున కెక్కించినవాడు అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయపు ఆర్థర్ గైటన్. శస్త్రవైద్యుడు కావలసిన ఆయన, 1946లో పోలియో సోకుటచే ఆ వృత్తిని విడిచి శరీరధర్మశాస్త్రమునకు వచ్చెను. 1972లో కోల్‌మన్, గ్రేంజర్‌లతో కూడి రక్తప్రసరణ వ్యవస్థనంతటిని 354 గళ్ల పటముగా గీచి, సమీకరణములుగా మార్చి, గణనయంత్రమునకు అప్పగించెను. ఆ పటమును మొదట చూచినపుడు మేము విద్యుత్తు తీగల పటమని భ్రమించితిమి! నాళములు బిగియుటయే దీర్ఘకాలపు రక్తపోటునకు మూలమని అంతవరకు పలువురి అభిప్రాయము. గైటన్ లెక్క వేరుగా పలికినది: మూత్రపిండము చక్కగా పనిచేసినంతకాలము, ఇతర అవయవముల నాళములు ఎంత బిగిసినను, కొలది దినములలో పీడనము యథాస్థితికి వచ్చును. నాడీవ్యవస్థకు తగిన స్థానమీయలేదను ఆక్షేపణ నేటికిని గలదు. మా దృష్టిలో, వాదించుటకు వీలగు స్పష్టమైన రూపమిచ్చుటయే ఆ పటము చేసిన మేలు.

తరువాత గణన జనసమూహములవైపు మళ్లినది. 2004లో కాలిఫోర్నియాలో 11 లక్షల 20 వేలమంది వైద్యరికార్డులను పరిశీలించిరి. వడపోత వేగము నిమిషమునకు 60 మిల్లీలీటర్లు, అంతకు పైబడినవారితో పోల్చగా, 45-59 నడుమనున్నవారికి గుండె, రక్తనాళముల ఉపద్రవములు 1.4 రెట్లు, 15కు లోబడినవారికి 3.4 రెట్లు అని తేలినది. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వెలువరించిన సమీకరణములలో ఈ వేగమునకును చోటు దక్కినది.

అయితే ఈ వేగమును సాధారణముగా నేరుగా కొలువరు. రక్తములోని క్రియాటినిన్‌నుండి గణింతురు. క్రియాటినిన్ కండరములలో పుట్టును. కండ తక్కువైనవానికి అది సహజముగనే తక్కువ. చెడిన మూత్రపిండము సైతము లెక్కలో బాగున్నట్లు కనిపించవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మధుమేహముగాని, రక్తపోటుగాని లేకయే మూత్రపిండములు చెడినవారు పెక్కుమంది గలరు. కొబ్బరి, జీడితోటలలో పనిచేయు బక్కపలుచని కూలీ పరీక్షకు వచ్చినపుడు ఈ పొరపాటు చిన్నది కాదు. అట్టివారికి సిస్టాటిన్-సి అను వేరొక పదార్థమును కూడ కొలుచుట మేలు. ఆ పరీక్షకు ఖర్చెక్కువ. చిన్న ఆసుపత్రులలో దొరుకుటయు అరుదు.