చిన్న డీజిలు ట్రాక్టరుకు డీజిలు అందనప్పుడు రైతు చేయదగిన పరీక్షలు

తొలకరి వాన కురిసిన పిమ్మట నేల పదునారక మునుపే దుక్కి ముగింపవలెను. పదును ఎవరి కొఱకును నిలువదు. అట్టి దినములలో ట్రాక్టరు చాలులో ఆగిపోయినచో విత్తు కాలము తప్పి, పంట దిగుబడికే భంగము కలుగును. ఇంజను ఆగినంతనే పంపు చెడినదని తలచి దానిని విప్పించుట పలుచోట్ల వాడుకై యున్నది. ఇందువలన ధనమును దినములును వ్యర్థమగుటయే గాక, ఒక్కొక్కప్పుడు బాగుగా నున్న పంపును చెడిపోవును.

డీజిలు అందకుండుటకు తఱచుగా గాలి, నీరు, మురికి యను మూడింటిలో నేదో ఒకటి కారణమై యుండును. ఇవి పంపునకు ముందరి దారిలోనే చేరును. కాలువ నీరు చివరి మడికి అందనప్పుడు రైతు తూము మొదలు వరుసగా చూచుకొనుచు వచ్చునే గాని, మొదటనే మడి గట్టును త్రవ్వడు. ట్రాక్టరు విషయమునను ఇదియే పద్ధతి. టాంకు మొదలు పరీక్షింపవలెను; పంపును చిట్టచివర చూడవలెను.

ఈ పత్రము ఏ ట్రాక్టర్లకు వర్తించును

సాధారణ యాంత్రిక పంపు గల, 15 నుండి 30 గుర్రపు బలము కలిగిన చిన్న ట్రాక్టర్లకు ఇందలి విషయములు వర్తించును. ఎలక్ట్రానిక్ పద్ధతిని డీజిలు చిమ్ము బండ్లకు వర్తింపవు. అట్టి బండ్ల పైపులను రైతులు విప్పరాదు.

డీజిలు నడచు దారి

డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని మిక్కిలి అదిమినప్పుడు పుట్టు వేడిలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో తనంతట మండును. జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897వ సంవత్సరమున ఇట్టి ఇంజనును జయప్రదముగా నడిపెను. 1927వ సంవత్సరమున బాష్ కంపెనీవారు చిన్న పంపులను విరివిగా తయారుచేయుటతో ఈ ఇంజను బండ్లకు అనువైనదయ్యెను.

టాంకు నుండి డీజిలు కుళాయి, పైపు, ఫిల్టరు దాటి పంపును చేరును. కొన్ని బండ్లలో నడుమ ఫీడు పంపు ఉండును. ప్రధాన పంపు దానిని వాతావరణపు ఒత్తిడికి నూరు రెట్లకు మించిన ఒత్తిడితో ఉక్కు పైపుల ద్వారా ఇంజెక్టరునకు పంపును. ఈ దారిలో గాలి చేరినచో పంపు ఎంత త్రోసినను ఆ గాలి అణగుచు లేచుచుండునే గాని, డీజిలు ముందుకు పోదు.

జాగ్రత్తలు

పరీక్షకు ముందు ఇంజనును చల్లారనీయవలెను. చుట్ట, బీడీ, దీపము దగ్గఱ నుంచరాదు. విప్పబోవు బోల్టుల చుట్టును గుడ్డతో తుడువవలెను. లేనిచో విప్పినంతనే దుమ్ము లోపల పడును. ఇంజెక్టరు చిమ్ము ధారకు ఎదురుగా చేయి పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూది మొనంత కనబడినను, నొప్పి లేకున్నను, ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

మొదటి పరీక్ష: పొగ

స్టార్టరు తిప్పినప్పుడు ఇంజను చక్కగా తిరుగుచున్నదా యని ముందు చూడవలెను. మెల్లగా తిరిగినచో దోషము బాటరీలోనో దాని తీగెలలోనో యుండును. ఇంజను చక్కగా తిరుగుచున్నను సైలెన్సరు నుండి పొగ ఏమియు రానిచో డీజిలు చేరుట లేదని యెఱుగవలెను. తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. చలి గాని, నీటి కల్తీ గాని, ఇంజనులో ఒత్తిడి తగ్గుట గాని కారణము. నడచు ఇంజను నల్లని పొగ విడిచినచో మొదట గాలి ఫిల్టరును చూడవలెను.

ఇంజను ఆపు మీట పూర్తిగా వెనుకకు వచ్చినదో లేదో తప్పక చూడవలెను. ఆ మీట తీగె బిగిసి మధ్యలో నిలిచినచో మిగిలిన వన్నియు బాగుగా నున్నను ఇంజను కదలదు.

రెండవ పరీక్ష: టాంకు

టాంకులో డీజిలు కొంచెమే యున్నప్పుడు వాలు నేలలో దున్నినచో అది ఒక ప్రక్కకు పోయి పైపులో గాలి చేరును.

టాంకు మూతకు సన్నని రంధ్రము కలదు. డీజిలు తగ్గిన కొలది ఆ రంధ్రము గుండా గాలి లోపలికి పోవలెను. దుమ్ముతో అది మూసికొన్నచో ఇంజను కొంతసేపు చక్కగా నడిచి బలము తగ్గి ఆగును. కొంత విరామము నిచ్చినచో మరల నడచును. ఈ లక్షణమును చూచి పంపు వేడెక్కినదని భ్రమపడుదురు. బండి ఆగినంతనే మూత విప్పవలెను. బుస్సుమని గాలి లోనికి పీల్చిన చప్పుడై, పిమ్మట ఇంజను చక్కగా నడచినచో దోషము ఆ రంధ్రములోనే కలదు. సన్నని తీగెతో శుభ్రపఱచిన చాలును.

మూడవ పరీక్ష: ధార

ఫిల్టరు వద్ద పైపు విప్పి, కుళాయి తెఱచి, శుభ్రమైన డబ్బాలో డీజిలు పట్టవలెను. టాంకు ఎత్తున నున్న బండ్లలో ధార తెంపు లేక నిండుగా రావలెను. చుక్కలుగా వచ్చినచో కుళాయి గాని, టాంకు అడుగున నుండు జల్లెడ గాని, పైపు గాని మూసికొని యున్నదని గ్రహింపవలెను.

నాల్గవ పరీక్ష: నీరు, మురికి

లీటరు డీజిలు సుమారు 820 నుండి 845 గ్రాములు తూగును. లీటరు నీరు సుమారు 1,000 గ్రాములు తూగును. కావున నీరు అడుగున చేరును. ప్రొద్దుట బండి కదపక మునుపు ఫిల్టరు గిన్నె క్రింది స్క్రూను వదులు చేసి కొంచెము గాజు సీసాలో పట్టి చూడవలెను. అడుగున వేఱు పొరగా కనబడునది నీరు. నల్లని జిగట కనబడినచో నీటికిని డీజిలునకును నడుమ సూక్ష్మజీవులు పెరిగినవని యెఱిగి టాంకును కడిగింపవలెను.

ఉత్తి బండిగా నడచి, నాగలి దింపినంతనే బలము తగ్గు ఇంజనుకు ఫిల్టరు పూడినదేమో చూడవలెను. కాగితపు ఫిల్టరును కడిగి మరల వాడరాదు. కడుగుటలో అది చినిగి, మురికిని పంపులోనికి విడుచును.

ఐదవ పరీక్ష: గాలి

ఇంజను ఒకసారి హెచ్చుగను ఒకసారి తగ్గుగను నడచి ఆగినచో గాలి చేరినదని అనుమానింపవలెను. టాంకు ఎండినప్పుడును, ఫిల్టరు మార్చినప్పుడును గాలి తప్పక చేరును. దానిని తీయు క్రమ మిది:

(1) టాంకు నింపి కుళాయి తెఱవవలెను.
(2) ఫిల్టరు మీది గాలి స్క్రూను వదులు చేయవలెను. ఫీడు పంపునకు చేతి మీట యున్నచో దానిని ఆడింపవలెను. బుడగలు పోయి తేట డీజిలు వచ్చినంతనే బిగింపవలెను.
(3) పంపు మీది గాలి స్క్రూ వద్ద నట్లే చేయవలెను.
(4) ఇంజెక్టరు పైపుల నట్టులను కొంచెము వదులు చేసి, ఆపు మీట నడచు స్థితిలో నుంచి, స్టార్టరు తిప్పవలెను. డీజిలు బొట్లుగా ఎగిసినంతనే బిగింపవలెను. స్టార్టరును ఒకమారు 10 సెకండ్లకు మించి తిప్పరాదు. నడుమ అర నిమిషము విడువవలెను.

మరునాడు మరల గాలి చేరినచో ఎక్కడనో లోపము కలదు. ఫీడు పంపునకు ముందరి పైపు పీల్చుచుండును గనుక, అచ్చటి చీలిక డీజిలును కార్చక గాలిని లోనికి తీయును. తడి కనబడలేదని ఆ పైపును విడువరాదు. రాగి వాషర్లను, రబ్బరు పైపు కొనలను మార్చి చూడవలెను.

ఆఱవ పరీక్ష: ఇంజెక్టరు, పంపు

రెండు మూడు సిలిండర్ల ఇంజను కుంటుచు నడచినచో, మెల్లగా నడచుచున్నప్పుడు ఒక్కొక్క ఇంజెక్టరు నట్టును గుడ్డ చుట్టి వదులు చేసి మరల బిగింపవలెను. ఏ నట్టును వదులు చేసినను ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండరునందు దోషము కలదు. దాని ఇంజెక్టరును పనివానిచే ఒత్తిడి యంత్రముపై పరీక్ష చేయింపవలెను.

పంపు వఱకు బుడగలు లేని తేట డీజిలు వచ్చి, ఆపు మీట సరిగా నుండి, గాలి తీసిన పిమ్మట గూడ ఇంజెక్టరు నట్టుల వద్ద ఏమియు రానప్పుడు మాత్రమే పంపును అనుమానింపవలెను. పంపులోని కడ్డీకిని దాని గొట్టమునకును నడుమ సందు తల వెండ్రుక మందములో పదియవ వంతు గూడ ఉండదు. చెట్టు క్రింద దుమ్ములో విప్పదగినది కాదు. దానిని పరీక్షా యంత్రము గల దుకాణమునకే పంపవలెను; సీలు తెంపరాదు.

నివారణోపాయములు

డీజిలును జింకు పూసిన డబ్బాలలో నిలువ చేయరాదు. జింకు డీజిలులో కలిసి ఫిల్టరును పూడ్చును. డ్రమ్మును నీడలో ఒక రాత్రి కదపక యుంచి, అడుగు డీజిలును విడిచి పైది తీసికొనవలెను. సన్నని జల్లెడ గల గరాటు వాడవలెను. సాయంకాలము పని ముగియగనే టాంకు నింపవలెను. ఖాళీ టాంకులో రాత్రి చలికి తేమ నీరై దిగును. కంపెనీవారి పుస్తకములో చెప్పిన గంటలకు ఫిల్టరు మార్చి, ఆ తేదీని గోడ మీద వ్రాసి యుంచవలెను.

ఈ పరీక్షలలో చాలవఱకు రెండు పానాలు, ఒక సీసా, శుభ్రమైన గుడ్డ ఉన్న చాలును. రైతులు వీనిని వేసవిలోనే ఒకసారి చేసి చూచుకొన్నచో తొలకరి పదునులో బండి కొఱకు ఇతరుల దారి చూడవలసిన పని యుండదు.