చిన్న కర్ర వస్తువులకు ఏ పూత?



కర్ర వస్తువుకు పూత ఎంచుకునేటప్పుడు మెరుపు కన్నా ముందు దాని వాడకం చూడాలి. పిల్లల నోట్లోకి వెళ్లేదా, తడి తగిలేదా, అద్దాల బీరువాలో ఉండేదా అన్నదాన్ని బట్టి పూత మారుతుంది.

ఆటబొమ్మలకు తెలుగునాట వాడి చూసిన పూత లక్క. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమిపడితే పూత సమంగా పరుచుకుని నిగ్గు తేలుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరిమెన మీద తిప్పడానికి వీల్లేని చెక్కడపు వస్తువులకు లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పల్చగా పొర మీద పొర వేస్తారు. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కు కరుగుతుంది, తడి నిలిస్తే తెల్లబారుతుంది. అందుకే అది గరిటెకు, వేడి గిన్నె కింది పీటకు పనికిరాదు.

అలాంటివాటికి నూనె తగినది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. వేరుశనగ నూనె అలా ఆరదు. జిడ్డుగా మిగిలి కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. త్వరగా ఆరేందుకు లోహ లవణాలు కలిపిన రకం తిండి తగిలే వస్తువులకు వద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. తేనెమైనం చేతికి నునుపునిస్తుంది కానీ సుమారు 63 డిగ్రీల వద్దే కరుగుతుంది, కాబట్టి నగల పెట్టెల వంటివాటికే చాలు.

ఎనామిల్ రంగు వేస్తే డబ్బా మీద సీసం వివరం చదవాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది.

ఏ పూతైనా నిలిచేది కింది పనిని బట్టే. 120, 180, 220 నంబర్ల ఉప్పుకాగితాలతో వరుసగా చార వెంట రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. ఆరాక లేచే నూగును మళ్లీ రుద్దేయాలి. ఇదంతా ముందు అదే కర్ర తుండు ముక్క మీద చేసి, పూత ఆరాక నీటిచుక్క, వేడి గ్లాసు పెట్టి చూసుకున్నాకే అసలు వస్తువుకు వేయాలి.